"వాయిదా పడిందమ్మా" అన్న పద్నాలుగు నెలలు

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇంట్లో మిషను కుట్టుకుంటాను. ఊరి చివర మా తాతగారి నాటి అర ఎకరం ఉంది. పక్కవాళ్ళు గట్టు జరిపి పది సెంట్లు కలిపేసుకుంటే, స్థలం మాకు అప్పగించాలని 2019లో దావా వేశాం. నాకు ఒడియా మాట్లాడడం వచ్చుగానీ చదవడం రాదు, ఇంగ్లీషూ అంతే. అందుకే మన తెలుగాయన కదా అని ఒక వకీలును పెట్టుకున్నాను. ఇప్పటికి 38,000 ఇచ్చాను, సగం చేతికి, సగం ఫోన్‌పేలో. ఎప్పుడడిగినా "వాయిదా పడిందమ్మా" అనేవారు. ఈమధ్య మా అబ్బాయి సెలవులకు వచ్చి ఫోన్లో చూస్తే కేసు కొట్టేసి పద్నాలుగు నెలలైందని ఉంది. వెళ్ళి అడిగితే, "మళ్ళీ తెరిపిస్తాను, ఇంకో 20,000 కట్టు, గెలిస్తే స్థలం విలువలో పది శాతం ఇస్తానని రాసివ్వు" అంటున్నారు. దస్తావేజు ఆయన దగ్గరే ఉంది. పాత బాకీ తీర్చేదాకా ఇవ్వరట. ఈయన మీద ఎవరికి చెప్పుకోవాలి? జడ్జి గారికా, బార్ అసోసియేషన్‌కా, వినియోగదారుల కోర్టుకా? ఊళ్ళో వకీళ్ళంతా ఒకటేనని అందరూ భయపెడుతున్నారు. – ఒక సోదరి, గజపతి జిల్లా

సమాధానం: అమ్మా, మీరు అడిగిందంతా ఆయన మీద ఎక్కడ ఫిర్యాదు చెయ్యాలనే. అదీ చెబుతాను. కానీ వకీళ్ళ లైసెన్సులు చూసే బార్ కౌన్సిల్ రేపు ఉదయమే ఆయన లైసెన్సు పీకేసినా మీ పది సెంట్లు వెనక్కి రావు. ఆయన నల్లకోటు విప్పించడం ఒక పని, మీ దావా బతికించుకోవడం ఇంకో పని. రెండో దానికి గడువు ఉంది, అది ఇప్పటికే దాటిపోయింది కూడా. కాబట్టి దావా దగ్గరే మొదలుపెడతాను, కోపం కాసేపు పక్కన పెట్టండి.

మీ అబ్బాయి ఫోన్లో చూసింది ఈ-కోర్ట్స్ యాప్‌లోనే అయివుంటుంది. అందులో ప్రతి కేసుకూ పదహారు అక్షరాల, అంకెల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకుని, ఆ పేజీని ఫొటో తీసి ఉంచండి. ఎప్పుడు చూశారో ఆ తేదీ కూడా రాసుకోండి, దాని అవసరం ముందుంది. తర్వాత కోర్టుకు వెళ్ళి, కేసు కొట్టేసిన రోజు ఆర్డరుకు సర్టిఫైడ్ నకలు కావాలని దరఖాస్తు పెట్టండి. నకలు తీసుకోవడానికి ఆ వకీలు అక్కర్లేదు. దావా వేసింది మీరు.

ఆ ఆర్డరు నాలుగైదు లైన్లే ఉంటుంది, కానీ అందులో ఒక చిన్న మాట మీద మీ దారి ఆధారపడి ఉంది. ఆ రోజు మీ తరఫున ఎవరూ రాలేదు, సరే. అవతలివాళ్ళు వచ్చారా? వాళ్ళ వకీలు హాజరై, మీవాళ్ళు లేక కొట్టేస్తే, అదే కారణం మీద మళ్ళీ కొత్త దావా వెయ్యడానికి వీల్లేదు. పాతదాన్నే తిరిగి తెరిపించుకోవాలి. ఇరుపక్షాలూ రాక కొట్టేస్తే మాత్రం రెండు దారులున్నాయి: పాతదాన్ని తెరిపించుకోవచ్చు, గడువు మిగిలి ఉంటే కొత్తది వేసుకోవచ్చు. హక్కును బట్టి స్థలం స్వాధీనం కోరే దావాకు మామూలుగా 12 ఏళ్ళ గడువు. గట్టు జరిగింది 2019 ప్రాంతంలోనే అయితే ఆ దారి ఇంకా మూసుకుపోలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదంతా తొమ్మిదో ఆర్డరు కింద వస్తుంది. కొత్త వకీలుకు ఆ ఒక్క ముక్క చెబితే చాలు.

తెరిపించే పిటిషన్‌కు గడువు కొట్టేసిన రోజు నుంచి 30 రోజులు. మీకు పద్నాలుగు నెలలైంది. అంటే పిటిషన్‌తో పాటు ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్, దానికి అఫిడవిట్, అంటే ప్రమాణం చేసి రాసిచ్చే వాంగ్మూలం. వకీలు చేసిన తప్పుకు ఏమీ తెలియని క్లయింటు నష్టపోకూడదని సుప్రీంకోర్టు 1981లోనే చెప్పింది. అలాగని "మా వకీలు చెప్పలేదండి" అన్న ఒక్క మాటతో ఈ రోజుల్లో కోర్టులు కరిగిపోవు. పద్నాలుగు నెలలు మీరేం చేస్తున్నారని అడుగుతారు, అడగాలి కూడా. మీ బలం ఇక్కడే ఉంది. కేసు కొట్టేసిన తేదీ తర్వాత ఆయన మీకు పంపిన వాట్సాప్ మెసేజీలు ఏమైనా ఉన్నాయా? "వాయిదా పడింది" అని ఒక్కటున్నా చాలు. ఆ తేదీ తర్వాత ఫోన్‌పేలో కట్టిన డబ్బు ఉంటే ఇంకా మంచిది. లేని కేసుకు ఫీజు తీసుకున్నట్టు అదే చెబుతుంది. ఆ ఫోను అమ్మకండి, పిల్లల చేతికివ్వకండి, మెసేజీలు చెరపకండి. తెలిసిన రోజు నుంచి మీరు ఆలస్యం చేస్తే మాత్రం ఆ తప్పు మీదే అవుతుంది, అందుకే మొదటే తొందరపెట్టాను.

ఇక వకీలు సంగతి. నా గురించి ఒకటి ఒప్పుకుంటాను. చాలా ఏళ్ళ కిందట గుణుపురం నుంచి రావలసిన రైలు ఆలస్యమై నేనూ ఒక వాయిదా తప్పిపోయాను, కేసు కొట్టేశారు. క్లయింటు ఒక ముసలాయన. ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి చెప్పాను. ఆయన తిట్టాల్సినంతా తిట్టాడు, చివర్లో మజ్జిగ ఇచ్చాడు. మూడో రోజున తప్పు నాదేనని నా పేరుతోనే అఫిడవిట్ వేసి తెరిపించాను, కోర్టు వేసిన ఖర్చులు నా జేబులోంచే కట్టాను. ఇది ఎందుకు చెబుతున్నానంటే, వాయిదా తప్పిన ప్రతి వకీలూ దోషి కాడు. తప్పుడు సలహా ఇచ్చినంత మాత్రాన, దురుద్దేశం లేకపోతే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన కాదని 1983లో మహారాష్ట్ర నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కేసు ఓడిపోవడమూ నేరం కాదు. మీ ఫిర్యాదులో "కేసుకు రాలేదు" అన్నదాన్నే పట్టుకుంటే ఆయన "జ్వరమొచ్చింది, జూనియర్‌కు చెప్పాను, వాడు మర్చిపోయాడు" అని గట్టెక్కేస్తాడు. మీరు పట్టుకోవాల్సింది ఆ తర్వాత పద్నాలుగు నెలల అబద్ధాన్ని.

ఇలాంటి అబద్ధం కొత్తదేమీ కాదు. 1978లో మద్రాసు వకీలు ఒకరి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. చెవులు వినపడని ఒక పెద్దాయనా, ఒక పెద్దావిడా ప్రామిసరీ నోట్ల మీద డబ్బు రాబట్టుకోవాలని ఆయన దగ్గరికి వెళ్ళారు. దావాలు వెయ్యకుండానే వేశానని చెప్పి ఉత్తుత్తి నంబర్లిచ్చాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆయనకు పడిన సస్పెన్షన్ శిక్షలో కొంత భాగాన్ని మార్చి, పేదలకు ఏడాది పాటు ఉచితంగా న్యాయసహాయం చెయ్యమన్నారు. ఆ తీర్పు మీద ఇప్పటికీ వకీళ్ళలో రెండభిప్రాయాలున్నాయి. నాకైతే, నమ్మిన ముసలివాళ్ళను అలా తిప్పినవాడికి ఆ శిక్ష చిన్నదేననిపిస్తుంది. మన తెలుగు వకీళ్ళూ తక్కువ తినలేదు. హైదరాబాదు వకీలు ఒకరు దొంగ సంతకమున్న అఫిడవిట్‌ను అటెస్ట్ చేసినందుకు 1984లో సుప్రీంకోర్టు అయిదేళ్ళు సస్పెండ్ చేసింది.

మీరడిగిన తలుపులు ఒక్కొక్కటీ చూద్దాం. వినియోగదారుల కోర్టు తలుపు మూసేశారు. అంతకుముందు వకీళ్ళ సేవలూ దాని కిందికే వస్తాయని జాతీయ వినియోగదారుల కమిషన్ అన్నది, మీకు ఎవరో చెప్పింది బహుశా అదే. 2024 మే 14న సుప్రీంకోర్టు దాన్ని తిప్పికొట్టింది. నష్టపరిహారం కావాలంటే సివిల్ దావా వేసుకోవచ్చు, కానీ ఒక దావాతోనే ఇంత అలిసిపోయిన మీకు ఇప్పుడే ఇంకొకటి వెయ్యమని నేను చెప్పను.

పర్లాకిమిడి బార్ అసోసియేషన్ వకీళ్ళు తమలో తాము పెట్టుకున్న సంఘం. పెద్దవాళ్ళు పిలిచి మందలించగలరు, కాగితాలు ఇప్పించగలరు. లైసెన్సు జోలికి పోలేరు. జడ్జి గారు కూడా లైసెన్సు తియ్యలేరు. ఇది చాలామందికి తెలియదు. 1995లో, అప్పటి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఛైర్మన్‌నే కోర్టు ధిక్కారం కింద సుప్రీంకోర్టు మూడేళ్ళు సస్పెండ్ చేసింది. 1998లో అదే కోర్టులో అయిదుగురు జడ్జీల బెంచి కూర్చుని, ధిక్కారానికి శిక్ష వెయ్యవచ్చుగానీ వృత్తి నుంచి సస్పెండ్ చెయ్యడం మా పని కాదు, అది బార్ కౌన్సిల్ పని అని తేల్చింది. తమ ఎదుట ఎవరు నిలబడి వాదించాలో హైకోర్టు నియమాలు పెట్టుకోగలదు, కింది జడ్జి తాను చూసింది బార్ కౌన్సిల్‌కు రాయగలడు. అంతవరకే. మా నాన్నగారు ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో ఈ పగ్గాలు హైకోర్టు చేతిలోనే ఉండేవి. 1961 అడ్వకేట్స్ చట్టంతో అవి వకీళ్ళు ఎన్నుకునే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు వెళ్ళాయి. కాబట్టి మీ ఫిర్యాదు వెళ్ళాల్సింది అక్కడికి.

ఏ రాష్ట్రం బార్ కౌన్సిల్? మన సరిహద్దు ఊళ్ళలో ఇక్కడే జనం బోల్తా పడతారు. కోర్టు ఒడిశాలో ఉంది కదా అని కటక్‌కు పంపేస్తారు. చూడాల్సింది కోర్టు కాదు, ఆయన పేరు ఏ రాష్ట్రం జాబితాలో ఉందో అది. వకీలు దేశంలో ఎక్కడైనా వాదించవచ్చు, 2011 జూన్ నుంచి ఆ హక్కు చట్టంలోనే అమల్లో ఉంది. పాతపట్నంలో ఇల్లు, ఆంధ్రాలో ఎన్‌రోల్‌మెంటు, పర్లాకిమిడిలో ప్రాక్టీసు, ఇలాంటివాళ్ళు నాకే నలుగురైదుగురు తెలుసు. మీ తరఫున వాదించమని మీరు సంతకం చేసిచ్చిన వకాలత్తు కాగితం మీద ఆయన సంతకం పక్కన ఎన్‌రోల్‌మెంటు నంబరు ఉంటుంది, నకలు తీసుకునేటప్పుడు వకాలత్తు నకలు కూడా అడగండి. ఒడిశా నంబరైతే కటక్‌లోని ఒడిశా స్టేట్ బార్ కౌన్సిల్‌కు, ఆంధ్రా నంబరైతే ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌కు.

ఫిర్యాదు ఉత్తరంలా రాయకూడదు, పిటిషన్‌లా రాసి సంతకం చేసి, ఇందులో ఉన్నదంతా నిజమని వెరిఫికేషన్ పెట్టాలి. కొంత ఫీజు కట్టాలి. భాష ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ రాష్ట్ర అధికార భాష. అంటే కటక్‌కు తెలుగులో పంపితే చెల్లదు, తిప్పి పంపుతారు. మీరు తెలుగులో చెప్పండి, ఇంగ్లీషులోకో ఒడియాలోకో ఎవరైనా రాసిపెడతారు. రాసినదాన్ని మళ్ళీ తెలుగులో చదివించుకుని, అప్పుడే సంతకం చెయ్యండి. చదవకుండా సంతకాలు చెయ్యడంతోనే కదా ఇంతదాకా వచ్చింది.

ఫిర్యాదు రెండు పేజీలు దాటనివ్వకండి. ఏ తేదీన వకాలత్తు ఇచ్చారు, ఎప్పుడెప్పుడు ఎంత కట్టారు, కేసు ఏ రోజు కొట్టేశారు, ఆ తర్వాత ఏ తేదీల్లో ఆయన ఏమని చెప్పాడు, మీకు ఎప్పుడు తెలిసింది, ఇప్పుడు ఏమడుగుతున్నాడు. అంతే. "దుర్మార్గుడు", "నా కడుపు కొట్టాడు" లాంటివి మనసులో ఉంచుకోండి. విచారణలో రుజువు గట్టిగా అడుగుతారు, వకీలు బతుకుతెరువుకు సంబంధించిన సంగతి కాబట్టి అనుమానం మీద శిక్ష వెయ్యరు. చేతికిచ్చిన డబ్బుకు రసీదు లేకపోతే లేదని రాయండి, ఉన్నట్టు నటించకండి. ఫోన్‌పే సగమే మీకు సాక్ష్యం.

ఫిర్యాదులో పస ఉందని కౌన్సిల్‌కు అనిపిస్తే ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. ముందే ఆయన్ని వివరణ అడగవచ్చు, మీ దగ్గర ఇంకొన్ని వివరాలు కోరవచ్చు. కమిటీ సాక్షుల్ని పిలిపించగలదు, కాగితాలు తెప్పించగలదు, ఆ విషయంలో దానికి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. చివరికి ఫిర్యాదు కొట్టేయవచ్చు, మందలించవచ్చు, కొంతకాలం సస్పెండ్ చెయ్యవచ్చు, జాబితాలోంచి పేరే కొట్టేయవచ్చు. మీ 38,000 తిరిగిప్పించడం ఆ నాలుగింటిలో లేదు. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో ఢిల్లీలోని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు అప్పీలు, అక్కడి నుంచి మళ్ళీ 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు.

ఏడాదిలో తేల్చాలని చట్టం. తేలకపోతే ఫైలు దానంతటదే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళ్తుంది. ఇలా వెళ్ళినవి అక్కడా పేరుకుపోతుంటే, వాటిని కూడా ఏడాదిలో ముగించమని 2021లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. కానీ 2022 డిసెంబరులో సంబల్‌పూర్ జిల్లా కోర్టులో వకీళ్ళు విధ్వంసం చేస్తే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రోజుల్లోనే చాలామంది లైసెన్సులు సస్పెండ్ చేసింది. జడ్జి కుర్చీ విరిగితే ఉరుకుతారు, క్లయింటు నడుం విరిగితే నెమ్మదిస్తారు. నేనూ ఆ కుటుంబంలోవాణ్ణే, అయినా అనక తప్పదు. కాబట్టి ఫిర్యాదు పంపండి, కానీ దాని మీదే కళ్ళు పెట్టుకుని కూర్చోవద్దు. వాయిదాలకు కటక్ తిరగాల్సి రావచ్చు, ఆ రైలు ఖర్చు ముందే లెక్క వేసుకోండి.

ఇప్పుడాయన అడిగే డబ్బు. పది శాతం మాట నోట్లోంచి రావడమే తప్పు. కేసు ఫలితం మీద వాటా తీసుకోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషేధం. తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక యాక్సిడెంటు పరిహారం కేసులో, వచ్చిన డబ్బులో ఇంత శాతమని వకీలు ఫీజు అడగడం చెల్లదని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పి, ఆయన వేసిన చెక్ బౌన్సు కేసును కూడా కొట్టేసింది. మీరేదైనా కాగితం మీద సంతకం పెట్టేశారా? పెట్టకపోతే పెట్టకండి. పెట్టేసినా భయపడకండి, దాని నకలు ఫిర్యాదుకు జత చెయ్యండి.

దస్తావేజు సంగతి అంతకంటే సూటి. ఫీజు బాకీ ఉందని క్లయింటు కాగితాలు పట్టి ఉంచే హక్కు వకీలుకు లేదు. భోపాల్ వకీలు ఒకరు తనకు 97,100 రావాలని ఒక సహకార బ్యాంకు ఫైళ్ళు ఇవ్వకుండా కూర్చుంటే, 2000లో సుప్రీంకోర్టు అది దుష్ప్రవర్తనేనని తేల్చింది. బాకీ నిజమైతే దావా వేసుకోమంది. మీ తాతగారిది 1936కు ముందు, పర్లాకిమిడి ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు తెలుగులో రాయించుకున్న దస్తావేజు అయితే, దాన్ని పోగొట్టుకుంటే మళ్ళీ సంపాదించడం తలనొప్పి. అందుకని ముందు దానికే నోటీసు ఇవ్వండి: నా దస్తావేజు, నా ఫైలు, నేనిచ్చిన డబ్బుకు లెక్క, ఈ మూడూ పదిహేను రోజుల్లో ఇవ్వాలని, అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో. క్లయింటు డబ్బుకు లెక్క రాసి ఉంచడం, అడిగితే నకలివ్వడం ఆయన బాధ్యత. సాధారణంగా ఈ నోటీసు అందిన వారంలోనే కాగితాలు ఇంటికొస్తాయి, గుమాస్తా చేతో, తెలిసినవాళ్ళ చేతో. కాగితాలొచ్చాక "మాకు ఏ గొడవా లేదు" అని ఒక ముక్క రాసిమ్మంటారు. ఇవ్వకండి. కాగితాలు అందినట్టు రసీదు మాత్రమే ఇవ్వండి. అన్నట్టు, రాజీ కుదిరిందని చెప్పినంత మాత్రాన బార్ కౌన్సిల్ విచారణ ఆపకూడదని నియమం. పెద్దమనుషులు వచ్చి "అమ్మా, వెనక్కి తీసుకో, అయిపోతుంది" అంటే ఆ సంగతి చెప్పండి.

వకీళ్ళంతా ఒకటే అన్న భయం పూర్తిగా తప్పని చెప్పను. చిన్న ఊళ్ళో పొద్దున కోర్టులో పోట్లాడుకున్నవాళ్ళు సాయంత్రం ఒకే బండి దగ్గర టీ తాగుతారు. పాత వకీలు అనుమతి లేకుండా కొత్తవాడు వకాలత్తు వెయ్యకూడదన్న నియమం కూడా ఉంది. దాన్ని చూపించి మిమ్మల్ని తిప్పుతారు. ఆయన అనుమతివ్వనంటే కోర్టు అనుమతి తీసుకుని పాత వకాలత్తు రద్దు చేసుకోవచ్చు, అది మీ హక్కు. పర్లాకిమిడిలో ఎవరూ ముందుకు రాకపోతే బరంపురం వకీలును పెట్టుకోండి. డబ్బు లేదంటారా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలును ఇస్తారు. ఫోన్ చెయ్యాలంటే 15100. కేసు తెరిపించే పిటిషనూ, ఆలస్యం పిటిషనూ వాళ్ళ వకీలు చేతే వేయించవచ్చు.

ఒకటి మర్చిపోయాను. మీ 38,000లో కోర్టు ఫీజు కోసమని తీసుకున్నది ఎంతో గుర్తుందా? అంత మొత్తం నిజంగా కట్టాడో లేదో దావా కాగితాల మీద స్టాంపులే చెబుతాయి. కట్టకుండా మింగేసి ఉంటే అప్పుడది పోలీసుల దాకా వెళ్ళే విషయం, ఫిర్యాదు రంగే మారిపోతుంది. ఇప్పుడే ఆ మాట ఎక్కడా అనకండి. నకళ్ళు చేతికొచ్చాక, ఆర్డరులో ఆ రోజు అవతలి వకీలు హాజరయ్యాడా లేదా, దావా మీద ఎంత స్టాంపు ఉంది, ఈ రెండూ చూసి నాకు ఒక కార్డు ముక్క రాయండి.